అత్త పాడుకున్న కర్బూజా

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి, మా అత్త కాయ సంగతి చెప్తాను.

ప్రొద్దుటూరులో మా ఇంటి వెనక, స్నానాల నీళ్లు పారే చోట, అత్త ఏటా చిట్టి కర్బూజాలు పెట్టేది. గింజలు చెన్నూరు దగ్గర పెన్న ఇసుకలో పండిన కాయలవి. ఆమె పుట్టిల్లు ఆ పక్కనే. గుంట తీసి, మేకల ఎరువు వేసి, గింజ నాటేటప్పుడే తొలి కాయ దేవునిదని ప్రార్థన చేసేది. పిందె పడితే వేలు చాపి చూపనిచ్చేది కాదు, మడిచి చూపాలి. తడి మట్టి తగిలి కుళ్లకుండా పిందె కింద ఎండుగడ్డి పరిచేది.

ఆ ఏడు ఎండాకాలంలో పక్కింటి బట్టల కొట్టువాళ్ల కోడలికి వేవిళ్లు. తిరగమోత వాసన వచ్చినా కక్కుకునేది. మంచినీళ్లు కూడా కడుపులో నిలిచేవి కావు. పిల్ల చిక్కి సగమై, ఆసుపత్రిలో సెలైన్ పెట్టించుకొని వచ్చింది. సరిగ్గా అప్పుడే మా తీగకు తొలి కాయ పండి, దాని వాసన గోడ దాటింది. మిగతావన్నీ ఇంకా పచ్చి పిందెలే.

ఆ పిల్ల వాళ్లత్త గోడ అవతలి నుంచి మా అత్తను పిలిచింది.

“అక్కా, ఏమనుకోవాకు. మీ కాయ వాసనకు మా పిల్ల లేసి కూర్చున్నాది. అదైతే తింటా అంటాండాది. అంగడి కాయ తెచ్చిస్తే ముక్కు మూసుకున్నాది.”

“అది దేవునికి చెప్పిన కాయమ్మా. రేపు ఆదివారం గదా, యాలంలో పాడుకొని తెస్తా. అంతదాంకా ఓర్చుకోమను” అంది మా అత్త.

మా చర్చి గుడిలో తొలి కాపును బల్ల మీద పెట్టి, ఆరాధన అయినాక వేలం వేస్తారు. పాడుకున్నవాళ్లకు కాయ, గుడికి డబ్బు. ఇచ్చినవాళ్లే తిరిగి పాడుకోవడం మాత్రం మేమెన్నడూ చూడలేదు. అందుకే అత్త పాట మొదలుపెట్టగానే అందరూ నవ్వారు. ఏటా ఆ కాయను పాడుకునేది రిటైరైన బడి అయ్యవారొకాయన. అత్త పెంచితే ఆయనా పెంచాడు.

“ఏందక్కా, ఇచ్చినట్టే ఇచ్చి ఎనక్కి గుంజుకుంటాండావే” అన్నాడు.

అత్త కొంగుముడి విప్పి చూసుకుంది. నా దగ్గరున్నదీ ఆమె చేతిలో పెట్టాను. ఆయన మళ్లీ పెంచాడు.

“కూసో అప్పా, నీకేమన్నా వేవిళ్లా?” అంది అత్త. “పక్కింట్లో కడుపుతో ఉండే పిల్ల ముద్ద ముట్టడంల్యా. ఈ కాయే కావాలంటాండాది.”

గుడంతా గొల్లున నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. “ఆ మాట ముందే సెప్పుంటే నేనెందుకు నోరు తెరుస్తా? గుడి కప్పు కారతాండాది గదా, పాట పెరిగితే మంచిదే అనుకున్యా” అని కూర్చున్నాడు.

కాయను కొంగులో చుట్టుకొని ఆటో ఎక్కి నేరుగా ఆ పిల్ల మంచం దగ్గరికే పోయాం. అత్త కోసి ఒక ముక్క ఇచ్చింది. పిల్ల కళ్లు మూసుకొని తిన్నది. పక్కనే వాళ్లత్త బేసిన్ పట్టుకొని కూర్చుంది.

“ఇంకో ముక్క పెట్టు పెద్దమ్మా” అంది పిల్ల. వాళ్లత్త బేసిన్ మంచం కిందికి తోసేసింది.

మీ ఇళ్లలో కడుపుతో ఉన్న బిడ్డలకు తిన్నది ఒంటబట్టాలి. మీ పొయ్యి మీద వండింది అందరి నోటికీ రుచించాలి. చల్లగా ఉండండి.