తాగని వాడికి మాల

మా కమీషన్ దుకాణంలో పసుపు నాణ్యం చూడటం నా పని. రైతు కుప్ప పోయగానే మోచేతి దాకా చెయ్యి లోపలికి దూరుస్తాను. పైపైన కనిపించే సరుకును ఎవడు నమ్ముతాడు? నడిమిట్లోంచి ఒక కొమ్ము లాగి, రెండు వేళ్లతో రుద్ది, విరిచి చూస్తాను. బాగా ఎండిందా, లోపల తేమ దాచుకుందా, అన్నీ వేళ్లే చెప్పేస్తాయి. ఆర్మూర్‌లో ఇరవై ఏళ్లుగా నేను తిన్నది ఆ వేళ్లు పెట్టిన తిండే. "సేటు చెయ్యి పెట్టిండంటే ఇగ మాట లేదు" అని బాల్కొండ రైతులు అంటుంటే పైకి విసుక్కునేవాణ్ని గానీ, లోలోపల తెగ పొంగిపోయేవాణ్ని.

ఆ వేళ్లు మొద్దుబారాయి. ముందు కుడి చేతి చూపుడు వేలు, తర్వాత మిగతావి, ఆ తర్వాత అరికాళ్లు. నడుస్తుంటే పరుపు మీద అడుగేసినట్టుండేది. సాయంత్రమయ్యేసరికి తూలేవాణ్ని, చేతులు వణికేవి. హైదరాబాద్‌లో నరాల డాక్టరు స్కానింగులు తీయించి, నా ఒంట్లో రోగాలను తరిమే శక్తే దారి తప్పి నా నరాల మీది పొరను తినేస్తోందని చెప్పాడు. ఇదెక్కడి న్యాయమో! కాపలాకు పెట్టుకున్నవాడే ఇల్లు దోచుకుంటే ఎవరికి చెప్పుకోవాలి? ఆయన రాసిన మందుతో ఏడాదిలో జబ్బు ముదరడం ఆగింది. పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాలేదు.

చిన్న మోతాదులో ఇచ్చే ఇంకో మందు గురించి దవాఖానలో పక్కన కూర్చున్న రోగి చెబితే విని, డాక్టరును అడిగాను.

"అది తాగుడు మాన్పించడానికి వాడే మందు. అందులో పదో వంతు కూడా లేని మోతాదులో మీలాంటి వాళ్లకు కొందరు ఇస్తున్నారు. ఈ జబ్బుకని దానికి అనుమతి లేదు. బాగుందనేవాళ్లూ ఉన్నారు, ఏమీ లేదనేవాళ్లూ ఉన్నారు. నేను మాట ఇవ్వలేను. మూడు నెలలు వాడి చూద్దాం. అసలు మందు మాత్రం ఆపకండి" అన్నాడు.

అంత చిన్న మోతాదు బయట దొరకదనీ, హైదరాబాద్‌లోనే ప్రత్యేకంగా చేయించుకోవాలనీ కూడా చెప్పాడు. వింటేగా! ఆ చీటీ పట్టుకుని ఆర్మూర్‌లో తెలిసిన మందుల షాపుకు వెళ్లాను. షాపతను చీటీ చదివి, నలుగురి ముందు గట్టిగా అన్నాడు.

"గిది తాగుడు మాన్పే గోలి గదనే! నీకు ఎప్పటిసంది అలవాటైందే?"

ఆ నలుగురిలో మా దుకాణానికి సరుకు తెచ్చే బాల్కొండ రైతు ఉన్నాడు. నేను కాదనాలి. నా జబ్బు ఇదీ అని చెప్పాలి. చెబితే? చేతికి స్పర్శ లేనివాడిని ఏ రైతు తన కుప్ప దగ్గరికి రానిస్తాడు? తాగేవాడైతే రేపు మానేస్తాడనుకుంటారు.

"ఏం జేద్దామే, అయిపోయింది" అని నవ్వేశాను.

మా వైపు ఏ దావత్ అయినా కల్లు ఉండాల్సిందే. సాయంత్రం తూలుతూ నడిచేవాణ్ని చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. నా తూలుడు, నా చేతుల వణుకు, అన్నీ ఆ ఒక్క మాటకు అతికినట్టు సరిపోయాయి. మందు హైదరాబాద్ నుంచి తెప్పించుకుని మొదలుపెట్టాను. పిచ్చి పిచ్చి కలలు రావడం తప్ప మొదటి వారం ఏ తేడా లేదు. దుకాణంలో కొమ్మును చెవి దగ్గర విరిచి, ఆ చప్పుడును బట్టి ఏదో ఒకటి చెప్పి నెట్టుకొస్తున్నాను.

రెండో వారంలో, నేను తాగుతానన్న మాట చెవిన పడి మాక్లూర్ నుంచి నా భార్య అన్న వచ్చాడు. చేతిలో కాషాయం బట్టలు, మాల.

"బావా, మస్తు సోంచాయించిన. గీ గోలీలతోని గాదు. హనుమాన్ మాల ఏసుకో. నలభై ఒక్క దినాలు నిష్ఠగ ఉంటె దెబ్బకు మానేస్తవ్. మా ఊళ్లె ఇద్దరు మానిండ్రు."

నా నోట కల్లు వాసన ఎరగని మనిషి నా భార్య. చెబుతుందిలే అని ఆమె వైపు చూశాను. ఆమె తల దించుకుంది.

"అవునన్నా, తాగుతడు. ఏసుకుంటడు తియ్" అంది.

వంటింట్లోకి వెళ్లి ఆమె మీద మండిపడ్డాను. "మీ అన్నకన్నా నిజం చెప్పొచ్చు గదా!"

"మా అన్న నోట్ల మాట నిలుస్తదా? ఆయనకు చెప్తె మాక్లూర్ మొత్తం చెప్పినట్టే. మీ చెయ్యి పోయిందని తెలిస్తె కుప్పలొస్తయా?" గిన్నె కడుగుతూనే అంది. "మొన్న పెండ్లిల ఆడోళ్లు నా కొంగు జరిపి చేతులు తిప్పి తిప్పి చూసిండ్రు. తాగొచ్చి కొడుతున్నరేమో, దెబ్బలున్నయేమోనని. నేను నవ్వి ఊకున్న."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నిజం చెప్పడానికి బయటికి వెళ్లానా? లేదు. మాల వేసుకున్నాను.

మాలలో ఉన్నవాళ్లు చెప్పులు తొడగరు. వట్టి కాళ్లతో నడవొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. నాలుగో రోజు పొద్దున నా భార్య అన్న పసుపు తెచ్చి మా దుకాణం ముందు పోయించాడు. నేను కుప్ప చుట్టూ తిరుగుతున్నాను. ఉన్నట్టుండి అతను అరిచాడు.

"బావా! కాలు! దబ్బనం దిగింది గదా!"

గోనె సంచులు కుట్టే దబ్బనం. అరికాల్లో సగం దాకా దిగి ఉంది. నేను వేసిన ప్రతి అడుగు దగ్గరా నెత్తురు. అతనే నన్ను కూర్చోబెట్టి దాన్ని లాగేశాడు.

"నొస్తలేదా బావా?"

"లేదు."

నా ముఖంలోకి చూశాడు. పొద్దున పూట, మాలలో ఉన్న మనిషి, నోట వాసన లేదు.

"నేను తాగలేదు. ఎన్నడూ తాగలేదు. కాళ్లూ గింతే, చేతులూ గింతే" అన్నాను. కూర్చున్న చోటినుంచే అతని కుప్పలోకి చెయ్యి పెట్టి ఒక కొమ్ము తీశాను. "గిది ఎండిందో పచ్చిగుందో నాకు ఎరుక లేదు."

చుట్టూ రైతులు విన్నారు. బాల్కొండ రైతు తర్వాతి సరుకు వేరే దుకాణం ముందు పోశాడు. అతన్ని తప్పు పట్టను. అతని స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ని.

మూడు నెలలకు డాక్టరు దగ్గరికి నేనూ నా భార్యా వెళ్లాం. ఏమైనా తేడా ఉందా అని అడిగాడు. సాయంత్రం అలసట కొంచెం తగ్గినట్టుంది, అది మందు వల్లో, అబద్ధం మోయడం మానేసినందుకో చెప్పలేను, వేళ్లు మాత్రం అలాగే ఉన్నాయి అన్నాను. ఇంకో మూడు నెలలు చూద్దామా అన్నాడు. సరే అన్నాను.

పక్కన నా భార్య ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆ చేతుల వైపు చూశాను. ఒక్క మచ్చ లేదు. వాటిని నలుగురూ తిప్పి చూసేలా చేసింది నేను. ఆమె చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా ఉందో, చల్లగా ఉందో నాకు తెలియలేదు.