ఎనామిల్ మీద ఒక పూత సున్నం

మా నాయిన బ్రహ్మచారి పోయి ఆర్నెల్లయింది. సికింద్రాబాద్ గోడల మీద ముప్పై ఏళ్లు అక్షరాలు రాశాడు. ఫ్లెక్సీలు వచ్చి చాలామందికి పని పోయినా ఆయనకు పిలుపులు ఆగలేదు. సున్నపు దారంతో గీతలు కొట్టుకుని, చివరి అక్షరం నుంచి వెనక్కి చోటు చూసుకునేవాడు. ఏం రాస్తున్నాడన్నది పట్టించుకునేవాడు కాదు. గుండ్రంగా వచ్చిందా లేదా, అంతే.

మల్కాజ్‌గిరి స్టేషన్ దారిలో ఒక చూర్ణం కంపెనీకి రాసిన ప్రకటన ఆయన చేతిలో అన్నిటికంటే అందంగా కుదిరింది. 'షుగర్ పూర్తిగా నయం. ఇక సూదులు అక్కర్లేదు.'

నెల తిరక్కుండానే మందుల తనిఖీ అధికారి వేణుమాధవ్ వచ్చాడు. షుగర్ నయం చేస్తామని ప్రకటించడమే చట్టప్రకారం నేరమని కంపెనీకి నోటీసు ఇచ్చాడు. చెరిపే పని కంపెనీవాళ్లు నాయినకే చెప్పారు.

ఎనామిల్ రంగుతో రాసిన అక్షరాల మీద సున్నం నిలవదని ఆయనకు తెలియక కాదు. రేకుతో గీకెయ్యాలి. తన అక్షరాలను గీకడానికి చెయ్యి రాలేదు. ఒక పూత సున్నం కొట్టి ఇంటికొచ్చాడు. మా అమ్మ కాంతమణికి ఈ సంగతేదీ చెప్పలేదు. జూన్‌లో మొదటి వానకే సున్నం కారిపోయి అక్షరాలు మళ్లీ తేలాయి.

అమ్మ రోజూ రెండుపూటలా ఇన్సులిన్ తీసుకునేది. కూరగాయలకు ఆ దారినే వెళ్లేది. నేను ఏ.ఎస్. రావు నగర్‌లో అత్తగారింట్లో ఉన్నాను. ఫోన్ చేస్తే బాగానే ఉన్నాననేది. ఆస్పత్రిలో చేర్చిన రోజునే ఆమె సంచిలో ఆ కంపెనీ చూర్ణం డబ్బా చూశాం.

"సూది ఎప్పుడు బంద్ చేసినవే?" అన్నాడు నాయిన.

"పది రోజులైతుంది. పొడి తింటున్న గదా."

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"నువ్వే. గోడ మీద గంత పెద్దగ రాసినవ్. ఇంట్ల చెప్పేవన్నీ అబద్ధాలే, బయటన్న నిజం రాస్తవనుకున్న."

నవ్వబోయింది. ఆయాసం నవ్వనివ్వలేదు. మూడో రోజు పోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు నాయిన ఆ గోడంతా గీకాడు. వేళ్లు చిట్లాయి. అటునుంచే నన్ను వెంటబెట్టుకుని వేణుమాధవ్ ఆఫీసుకు వెళ్లాడు.

"కేసు రాయండ్రి సార్. ముందు నా పేరు పెట్టండ్రి."

"నువ్వెందుకు చారన్నా? కంపెనీ మీద రాసినం. నిన్ను సాక్షిగ పెడత."

"సాక్షంటే చూసినోడు గదా సార్. నేను చేసినోణ్ని. గీకితే అయిపోతుండె. జెర సేపటి పని."

వేణుమాధవ్ నావైపు చూశాడు. "జెర నువ్వన్న చెప్పమ్మా."

"నాయినా, సాక్షి కాగితం మీద సంతకం పెట్టు. ఇంటికి పోదాం," అన్నాను.

ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"మీ అమ్మకు నువ్వు చెప్తవా బిడ్డా, నేను వట్టి సాక్షినని?"

నేను ఆ కాగితాన్ని వేణుమాధవ్ వైపు జరిపాను. వేణుమాధవ్ కలానికి మూత పెట్టేశాడు.