రగ్బీ పిల్లకు కప్పిన శాలువా

భారత మహిళల రగ్బీ జట్టులో ఆడి వచ్చిన మా అక్క కూతురికి ఈ రోజు ఆర్.ఎస్. పురంలో మా సంఘంవాళ్ళు సన్మానం చేశారు. మొదటి శాలువా అధ్యక్షుడికే. తర్వాత ఉపాధ్యక్షుడికి, మండపం ఇచ్చినాయనకు, రగ్బీ అంటే ఇప్పటికీ కుస్తీ అనుకునే మా బావకు. మిగిలిన ఒక్కటీ పిల్లకు కప్పారు. ఫోటో తీసేలోపే అధ్యక్షుడు ఆమె దగ్గరికి వంగాడు.

“అమ్మణీ, పెద్దతాతను మరిచిపోతిమి. కోపం చేసుకుంటాడు. అది కొంచం ఇయ్యమ్మా.”

పిల్ల నవ్వుతూ శాలువా తీసింది. “మా ఆటలో బంతిని వెనకుండేవాళ్ళకే ఇయ్యాల మామా. ముందుకు విసిరితే తప్పు.”

సంఘంలో అందరికన్నా వయసులో పెద్దవాడైన పెద్దతాత ముందు వరుసలోనే మెడ చాచి కూర్చున్నాడు. శాలువా నేరుగా అక్కడికే పోయింది. మైదానంలోనైతే రెఫరీ విజిల్ ఊదేవాడు. మావాళ్ళు చప్పట్లు కొట్టారు.

మీ సంఘంలో విజిల్ ఎవరి దగ్గరుందండీ?