చైనుకు రాసిన కొబ్బరి నూనె

మా నాన్నగారు చెట్లెక్కి కాయలు కోసే కొబ్బరి దింపు పని చేస్తారు. తెల్లవారకముందే సైకిలు మీద బయలుదేరి, ముఠాతో కలిసి అంతర్వేది వైపు తోటలకు వెళ్తారు. ఆ సైకిలు చైనుకు ఆయన వాడింది మోటారు సైకిళ్ళ నుంచి తీసేసిన పాత ఇంజను ఆయిలు. మలికిపురంలో సైకిళ్ళు బాగుచేసే మెకానిక్ దాన్ని ఊరికే ఇచ్చేవాడు. మా నాన్నగారి పంచెలన్నిటికీ కుడికాలి దగ్గర దాని నలుపు ఉండేది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. పట్టా తీసుకునే రోజున ఆయన కూడా అమలాపురం వచ్చారు. అధ్యాపకుల గదిలో, తెల్లటి గుడ్డ తొడిగిన కుర్చీలో కూర్చోమన్నారు. ఆయన లేచాక గుడ్డ అంచున నల్లటి చార కనిపించింది. నేను ఆ కుర్చీని గోడ వైపు తిప్పాను.

మరునాడే చైనుకు వేరే నూనె వెతికాను. కొట్లో స్ప్రే డబ్బా మీద ధర చూసి తిరిగి పెట్టేశాను. చవగ్గా కుట్టు మిషను ఆయిలు సీసా ఒకటి చూపించారు. ఇంట్లో మా కాయల నూనె క్యాను నిండా ఉండగా అదైనా కొనడం దేనికనిపించింది. పైగా కొబ్బరి నూనె తెల్లగా ఉంటుంది, మరక కనబడదు. చైనును డీజిలుతో కడిగి, దానికీ, వెనక చక్రం ఫ్రీవీలులోకీ కొబ్బరి నూనె ధారగా పోశాను.

"ఇది పనిచేస్తాదంటావా?" అన్నారు మా నాన్నగారు.

"రాపిడి తగ్గడమే కదా నాన్నా. ఏ నూనైనా ఒకటే."

"చదువుకున్నోడివి. నీకు తెలీదా" అని ఊరుకున్నారు.

దీపావళి దాకా బాగానే నడిచింది. ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున ఆయన ఫోను చేశారు. "పెడల్ తిరుగుతుంది గానీ బండి కదలట్లేదురా." చలికి కొబ్బరి నూనె గడ్డకడుతుంది. మా అమ్మ సీసాను ఎండలో పెట్టడం ఊహ తెలిసినప్పటి నుంచీ చూశాను. రసాయన శాస్త్రం పుస్తకంలోనూ చదివాను. అయినా తోచలేదు.

ఆయన సైకిలును నడిపించుకుంటూ మెకానిక్ కొట్టుకు వచ్చేసరికి నేనూ అక్కడికి చేరాను. మెకానిక్ ఫ్రీవీలు విప్పి, చక్రాన్ని పట్టే లోపలి పళ్ళు కదలకుండా గడ్డకట్టిన నూనెను వేలితో గీకి వాసన చూశాడు.

"ఇదేంటండీ బాబాయిగారూ, చైనా, జడా? కొబ్బరి నూనె రాసేరు, పూలెట్టడం మర్చిపోయేరా?"

కొట్లో ఉన్నవాళ్ళు నవ్వారు. నేను నోరు తెరిచేలోగా మా నాన్నగారే అన్నారు. "ఆయ్, నేనే రాసేనండీ. ఇంట్లో ఉంది కదా అని."

మెకానిక్ నా వైపు తిరిగాడు. "మీరు చదువుకున్నోరు కదండీ. పెద్దాయనకి చెప్పొద్దా?"

"చెప్పానండీ. వింటేగా" అన్నాను.

ఆయన నా ముఖం చూడలేదు. నేలకేసి చూసి నవ్వారు. "ఆయ్, మొండోణ్ణి మరి" అన్నారు.

ఫ్రీవీలు కడిగి బిగించేసరికి ముఠా వెళ్ళిపోయింది. ఆ రోజు ఆయన ఎక్కాల్సిన చెట్లు వేరే మనిషి ఎక్కాడు.

అప్పటి నుంచీ కుట్టు మిషను ఆయిలే వాడుతున్నాం. లింకుకు ఒక చుక్క వేసి, పైతడి పాత లుంగీ ముక్కతో తుడిచేస్తే చాలు, పంచెకు పెద్దగా అంటదు. సీసా నెలల తరబడి వస్తుంది. మొన్న అది అయిపోతే ఆ మెకానిక్ దగ్గరికే వెళ్ళాను.

"ఏవండీ, బాబాయిగారు మళ్ళీ జడేసేరా?" అన్నాడు.

"ఆ రోజు రాసింది నేనండీ. వద్దని ఆయనకు నేను చెప్పనే లేదు."

అతని నవ్వు ఆగింది. "మరి ఆ మాట ఆయన ముందు అనాలి కదండీ" అంటూ సీసా చేతికిచ్చాడు.

"ఆయ్" అన్నాను.

ఇంటికి వచ్చేసరికి మా నాన్నగారు సైకిలును తలకిందులుగా నిలబెట్టి, గుడ్డ పట్టుకుని కూర్చున్నారు. సీసా ఇచ్చాను.

"నాన్నా, ఆ రోజు కొట్లో..."

"ముందు పెడల్ తిప్పరా."

తిప్పాను. ఆయన చుక్క వేసి తుడుస్తూ చివరి లింకు దాకా వచ్చాక, కొట్లో నా తప్పును ఆయన మీదికి నెట్టేశానని మిగతా మాట పూర్తిచేశాను. ఆయన అప్పటికే తుడిచిన లింకునే మళ్ళీ తుడుస్తూ ఉండిపోయారు.