నేను పెట్టిన పేరు

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మకపోవడానికి నాకున్నంత గట్టి కారణం ఇంకెవరికీ ఉండదు. నాకు మగవాళ్ళంటేనే ఇష్టమని ఇంట్లో తెలిసిన వారానికే, వీడికి ఆడదెయ్యం పట్టిందని తేల్చారు. భూతవైద్యుణ్ణి పిలిపించి, తలుపు గడియ పెట్టి, వేపమండలతో, ఆ తర్వాత చింతబరికెతో వీపు చిట్లేదాకా కొట్టించారు. దెయ్యాలు ఎవరిలో ఉంటాయో నేను ఆ రోజు దగ్గరగా చూశాను.

మాది అనంతపురం వైపు. ఇప్పుడు పరాయి దేశంలో, వన్-నార్త్‌లో ఉద్యోగం, పుంగ్గోల్‌లో అద్దె ఫ్లాట్. నాతో ఉండేది సురేన్. మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగువాడు, ఇండియా మొహం చూడలేదు, అక్కడివాళ్ళలాగే మాట చివర 'లా' తగిలిస్తాడు. ఓనర్ అంకుల్ లెక్కలో మేం ఆఫీసు స్నేహితులం. మా లెక్కలో కాపురం.

ఏం కాపురంలెండి. సురేన్ ప్రేమగా వీపు మీద చెయ్యి వేస్తే చాలు, ఉలిక్కిపడి లేచి హాల్లోకి వెళ్ళిపోయేవాణ్ణి. ఎందుకని అడిగితే కసురుకునేవాణ్ణి. కన్నవాళ్ళే కొట్టించారని ఏ నోటితో చెప్పుకోను? అతను రెండేళ్ళు ఓర్చుకున్నాడు. చివరికి, నేనంటే నీకు రోత, నెలాఖరుకి వెళ్ళిపోతాను అన్నాడు.

ఆ శనివారం పొద్దున నేను కూరలు తీసుకుని తిరిగొచ్చేసరికి సురేన్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఎవరో ఆంటీ వచ్చింది లా. గేటు బయటే నిలబడింది, లోపలికి రమ్మంటే రాలే. మీ ఊరి తెలుగు, నాకు సగమే అర్థమయింది. 'వాని ఈపు మీద చెయ్యెయ్యొద్దు నాయనా, వాడే అడిగేదాకా ఓర్చుకో. ఆ పొద్దు వానితో పాటు నాకూ తగిలినాయి దెబ్బలు' అనింది. ఏం దెబ్బలు? పేరడిగితే కొండమ్మ అనింది, మీ చుట్టమా?"

నేను కూరల సంచీ కింద పెట్టి, ఆ పేరు మళ్ళీ చెప్పమన్నాను.

మా వైపు పద్ధతి ఏమిటంటే, దెయ్యం తన పేరు చెప్పేదాకా కొడుతూనే ఉంటారు. ఓర్చుకోలేక నేను నోటికొచ్చిన పేరు చెప్పాను, కొండమ్మ అని. మా ఇంట్లోగానీ వీధిలోగానీ ఆ పేరుగలవాళ్ళు లేరు. దెబ్బకు దెయ్యం వదిలిందని అందరూ సంతోషించారు.

ఆ గదిలో ఉన్నది అమ్మ, నాన్న, ఆ వైద్యుడు, నేను. సురేన్ అనేవాడు ఉన్నాడనే వాళ్ళకు తెలియదు. మా అంతస్తులో తెలుగువాళ్ళు లేరు. నేనే నిద్రలో కలవరించానేమో అనుకుందామంటే, అతను ఆమెను చూసింది పట్టపగలు, మెలకువలో.

ఆ రోజు సురేన్‌కి మొత్తం చెప్పాను. చొక్కా విప్పి మచ్చలు చూపించాను. అతను ముట్టుకోలేదు, పక్కన కూర్చుని ఏడ్చాడు. నెలాఖరు దాటినా వెళ్ళలేదు.

ఆ వచ్చినది ఎవరో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అంతకన్నా మింగుడుపడనిది ఇంకొకటుంది. నన్ను కన్న తల్లి ఆ రోజు నిమ్మకాయల పళ్ళెం పట్టుకుని చూస్తూ నిలబడింది. ఇక చాలు అని ఒక్క మాట అనలేదు. నా తరఫున మాట్లాడటానికి సముద్రం దాటి వచ్చింది మాత్రం, లేనే లేని మనిషి.