టిఫినుకు అరగంట ముందు

నా పంచాంగం సంచిలో ఇప్పుడు దర్భల కట్ట పక్కన ఒక చిన్న స్టీలు డబ్బా ఉంటుంది. అందులో ఒక బెల్లం ముక్క. షుగరు ఉన్న పురోహితుడు బెల్లం వెంటేసుకుని తిరగడమేమిటని మా ఆవిడ మొదట్లో నవ్వింది. ఇప్పుడు నేను మరిచిపోతే తనే తెచ్చి సంచిలో పడేస్తుంది.

మాది తాడేపల్లిగూడెం. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, వ్రతాలు, తద్దినాలు నా చేతి మీదుగా చాలానే జరుగుతాయి. స్కూటరు మీద చేల మధ్య నుంచి వెళ్తూ ఆ రోజు చెప్పాల్సిన మంత్రాలు పైకే అనుకోవడం నాకు ఇష్టం. మా నాన్నగారు ఎక్కడైనా తప్పు పోతే మళ్లీ మొదటి నుంచి అనిపించి, అన్నీ నాకు నోటికి ఎక్కించారు. పుస్తకం చూసి చెప్పే వాళ్లంటే నాకు లోలోపల కాస్త చిన్నచూపు. దాచడమెందుకు?

షుగరు నాకు నడివయసులో వచ్చింది. వచ్చినందుకు పెద్దగా బాధపడలేదు. మా వృత్తిలో అది రాకపోతేనే వింత. ఏ ఇంటికి వెళ్లినా ప్రసాదం, ఏ పెళ్లికి వెళ్లినా బూరెలు. వద్దంటే ఇంటివాళ్లు చిన్నబుచ్చుకుంటారు. జబ్బుతో ఎలాగో సర్దుకున్నాను గాని, దాని వైద్యం మాత్రం నన్ను విసిగించి వదిలింది.

ఏలూరులో షుగరుకు పేరున్న ఒక ఆసుపత్రికి వెళ్లేవాణ్ణి. పరగడుపున రక్తం ఇవ్వాలి, తిన్నాక మళ్లీ ఇవ్వాలి, ఆపైన టోకెను పట్టుకుని కుర్చీలో కూర్చోవాలి. నన్ను పిలిచేసరికి నడుం పట్టేసేది. లోపల డాక్టరుగారు వెళ్లినప్పుడల్లా మారేవారు. అందరూ చిన్నవాళ్లే, మర్యాదస్తులే. కానీ వాళ్ల కళ్లు కంప్యూటరు వదిలి నా మొహం మీదికి వచ్చేవి కావు. రిపోర్టు చూసి, స్వీట్లు తింటున్నారు కదండీ అనేవారు. అది కాదండీ, మా పని ఎలాంటిదంటే, అని నేను మొదలుపెట్టేలోపల మాత్ర పవరు పెంచి రాసేసేవారు.

తరువాత పక్కగదిలో ఒక అమ్మాయి డైటు కాగితం చేతిలో పెట్టేది. అందులో ఓట్సు, నాకు పేరు పలకడం కూడా రాని ఏవో కూరలు, చివర్న ఫంక్షన్లలో భోజనం చేయరాదు అని ఒక ముక్క. ఫంక్షన్లలో మానేస్తే నేను ఇంకెక్కడ తినాలమ్మా అని అడిగాను. ఆ అమ్మాయి నవ్వి తరువాతి వాళ్లను పిలిచింది. కాగితం అందరికీ ఒకటే. ఒకసారి నా పక్కన మండవల్లి నుంచి వచ్చిన చేపల చెరువుల రైతు కూర్చుని ఆ కాగితంతోనే విసురుకుంటున్నాడు. పొద్దున లేస్తే చెరువుగట్ల మీద తిరిగే మనిషి ఆయన. ఆయన్ని రోజూ అరగంట నడవమన్నారు.

మందు విషయంలో మాత్రం ఒక్క మాట ప్రతిసారీ నొక్కి చెప్పేవారు. టిఫినుకు అరగంట ముందు వేసుకోవాలి, ఒక్క రోజు కూడా మానకూడదు. ముహూర్తాలు చూసి బతికేవాణ్ణి, వేళ పాటించడం నాకొక లెక్కా? స్నానం, సంధ్యావందనం, మాత్ర. తు.చ. తప్పకుండా వేసుకున్నాను.

చిక్కంతా ఆ టిఫిను దగ్గరే. తద్దినం ఉన్న రోజున పని పూర్తయ్యేదాకా ఏమీ తినకూడదన్న నియమం కర్తకూ భోక్తలకూ ఉంటుంది. అంటే, తద్దినం పెట్టే కొడుకుకూ, పితృదేవతల తరఫున భోజనానికి కూర్చునే బ్రాహ్మలకూ. మంత్రం చెప్పేవాడికి అంత పట్టింపు లేదు. కానీ మా నాన్నగారు తినలేదు కాబట్టి నేనూ తినలేదు. కాస్త కాఫీ తాగి స్కూటరెక్కేవాణ్ణి. పెళ్లి ఉన్న రోజున కూడా దాదాపు అంతే. మాత్ర తెల్లవారుతూనే పడేది, టిఫిను మధ్యాహ్నం ఎప్పటికో భోజనమై వచ్చేది. అందులో తప్పుందని నాకు తోచలేదు. కడుపు మాడ్చుకుంటే షుగరుకు ఇంకా మంచిదనే అనుకున్నాను.

అలా ఉండగా మంత్రాలు జారిపోవడం మొదలైంది. ఒక గృహప్రవేశంలో మధ్యలో ఆగిపోయాను. ఒక పెళ్లిలో చెప్పిన మంత్రమే మళ్లీ చెప్పాను. ఎవరూ కనిపెట్టలేదు, సన్నాయివాళ్లు నా పరువు కాపాడారు. నాకు మాత్రం భయం పట్టుకుంది. షుగరు కాలు తీసేస్తుందని విన్నాను, కన్ను తీసేస్తుందని విన్నాను. ఆ రెండూ పోయినా పీట మీద కూర్చుని మంత్రం చెప్పగలను. మంత్రమే పోతే నేనెవరిని?

ఆసుపత్రిలో ఈ సంగతి చెప్పుకున్నాను. మతిమరుపు మేము చూడమండీ అని, ఆ రోజున్న డాక్టరుగారు మెదడు డాక్టరుకు చీటీ రాశారు. పనిలో పనిగా షుగరు మాత్ర మరోసారి పెంచారు. మెదడు స్కానింగు తీయించాం. తేడా ఏమీ లేదన్నారు. ఆ మాటకు ధైర్యం రావాలి గాని, నాకు మరింత దిగులేసింది. ఫలానా జబ్బు అంటే దానికో మందుంటుంది, ఏమీ లేకుండా మంత్రం పోతే ఏం చేసేది? పోనీ పుస్తకం దగ్గర పెట్టుకోకూడదా అంది మా ఆవిడ. ఆ పూటంతా ఆమెతో మాట్లాడలేదు.

ఆ దిగులులోనే పెంటపాడు దగ్గర ఒక ఇంటికి తద్దినానికి వెళ్లాను. ఆ ఇంటావిడ హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. తద్దినం ఆవిడ భర్తది. కర్త వాళ్లబ్బాయి, ఆకివీడులో బ్యాంకు ఉద్యోగం. పెందలాడే వస్తానన్నవాడు దారిలో చేపల లారీల వెనక చిక్కుకుపోయాడు. అతను వచ్చి, స్నానం చేసి పీట మీద కూర్చునేసరికి ఎండ నడినెత్తి దాటింది. నేను పొద్దుటి మాత్రతో, కాఫీతో ఉన్నాను. అదీ కొత్తగా పవరు పెంచిన మాత్ర.

సంకల్పం బాగానే చెప్పాను. పితృదేవతలను పిలిచే చోట తండ్రి, తాత, ముత్తాతల పేర్లు గోత్రంతో సహా చెప్పాలి. గోత్రం చెప్పాను. తండ్రి పేరు రాలేదు. ఆ ఇంట్లో ఏటేటా పలుకుతున్న పేరు. నోరు తెరిచాను గాని మాట లేదు. నువ్వులు నీళ్లు వదలడానికి చెయ్యి వంచి ఆ అబ్బాయి నా మొహంలోకి చూస్తున్నాడు. ఉత్తరీయం చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. వేళ్లు వణుకుతున్నాయి. గది ఒక పక్కకు ఒరిగినట్టనిపించింది. అయిపోయింది, ఇక నా పని ఇంతే అనుకున్నాను.

వంటింటి గుమ్మంలో నుంచున్న ఆవిడ నన్ను చూసి చటుక్కున లోపలికి వెళ్లారు. పాయసానికి తీసి ఉంచిన బెల్లంలోంచి ఒక ముక్క పట్టుకొచ్చారు.

"పంతులుగారూ, ముందు ఇది నోట్లో వేసుకోండి."

నేను తల అడ్డంగా ఊపాను. ఇంకా భోక్తలకు విస్తళ్లు కూడా వేయలేదు. పితృదేవతలకు పెట్టకముందు ఆ ఇంట్లో వస్తువు ముట్టకూడదు. ఆ సంగతి నాకంటే ఆవిడకేం తక్కువ తెలియదు.

"ఇవాళ తద్దినం ఎవరిదండీ? మావారిదే కదా. ఆయనేమీ అనుకోరండీ. ఆయనకీ షుగరుండేది. చెయ్యి అలా వణకడమంటే ఏమిటో ఆయనకి తెలుసు" అన్నారు.

వేసుకున్నాను. గోడకు ఆనుకుని కూర్చున్నాను. బెల్లం కరిగింది, చెమట ఆరింది, గది మెల్లగా నిలకడకు వచ్చింది. అంతలో ఆ పేరు దానంతట అదే నోట్లోకి వచ్చింది. వెనకే తాత పేరూ, ముత్తాత పేరూ. ఆపైన చివరిదాకా ఒక్క స్వరం జారలేదు. నా మంత్రాలు ఎక్కడికీ పోలేదు! ఆ సంతోషానికి ఏడుపొచ్చింది. హోమం పొగ వంక పెట్టి కళ్లు తుడుచుకున్నాను.

ఆ వెంటనే ఏలూరు వెళ్లాను. ఈసారి ఒక డాక్టరమ్మగారు, మళ్లీ కొత్తే. రిపోర్టు చూసి స్వీట్ల మాట ఎత్తబోయారు. నాకు తిక్క రేగింది. సంచిలోంచి పంచాంగం తీసి ఆవిడ బల్ల మీద తెరిచి, ఆ నెలకు నేను అందులో రాసుకున్న పనులన్నీ చదవడం మొదలుపెట్టాను. ఏ రోజు ఏ పని, మాత్ర ఎప్పుడు, ముద్ద ఎప్పుడు. బయట టోకెన్లవాళ్లు గొణుగుతున్నారు. నేను లేవలేదు. కాసేపటికి ఆవిడ కీబోర్డు మీంచి చెయ్యి తీశారు.

"ఈ సంగతి ముందే చెప్పాల్సిందండీ."

"మీరు అడగాల్సిందండీ" అన్నాను.

ఆవిడకు కోపం రాలేదు. నిజమేనండీ అన్నారు. నాకున్న మతిమరుపు షుగరు పడిపోవడం వల్లనేనని చెప్పి, మాత్ర మార్చారు, తిండి లేనిదే వేసుకోవద్దన్నారు, పనున్న రోజున తప్పకుండా తిని బయలుదేరమన్నారు. పక్కగదిలో మాత్రం ఓట్సుతో సహా అదే కాగితం చేతిలో పెట్టారు. మరోసారి వెళ్తే ఆ డాక్టరమ్మగారు లేరు. పంచాంగం తెరిచి కొత్తవారికి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఇప్పుడూ అంతే. ఎవరున్నా నేను చెప్పేది చెప్పాకే కుర్చీలోంచి లేస్తాను.

తద్దినం రోజున తినడం మాత్రం మొదట్లో కష్టమైంది. ఇడ్లీ గొంతు దిగలేదు. మా నాన్నగారు తినలేదు కదే అన్నాను. ఆయనకు షుగరు లేదు కదా అని మా ఆవిడ ఇంకో ఇడ్లీ వేసింది.

ఏడాది తిరిగింది. పెంటపాడు ఇంటి గడపలో కాలు పెట్టగానే ఆవిడ అడిగిన మొదటి మాట, టిఫిను చేశారాండీ అని. చేశానన్నాను. అబ్బాయి ముందురోజే వచ్చి ఉన్నాడు. పని హాయిగా సాగింది. భోజనాలయ్యాక భోక్తలను తృప్తి అయిందా అని కర్త అడగాలి. అతను అడిగాడు, వాళ్లు అయిందన్నారు, తాంబూలాలు పుచ్చుకుని వెళ్లారు.

చివర్న నాకు విస్తరి వేశారు. ఆవిడే వడ్డిస్తూ, ఉన్నట్టుండి చెప్పారు.

"ఆయన పోయిన రోజున నేను బడికి వెళ్లానండీ. పొద్దున్న మాత్ర ఇచ్చి, ఉప్మా మీద మూత పెట్టి వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి ఆ మూత పెట్టింది పెట్టినట్టే ఉంది. గుండె అన్నారు. ఏమో మరి. మాత్ర వేసుకుని తినకపోతే ఏమవుతుందో అప్పుడు మాకెవరూ చెప్పలేదండీ."

నేను కలిపిన ముద్ద చేతిలోనే ఉంచుకున్నాను.

"నిరుడు మీ మొహంలోకి మళ్లీ కళ రావడం చూశాను. అది చాలండీ నాకు. తినండి."

తిన్నాను. పాయసం వద్దనబోయి ఒక్క చెంచా వేయించుకున్నాను. ఆవిడ గిన్నె పక్కన పెట్టి నా ఎదురుగా నుంచుని, తృప్తి అయిందాండీ అని అడిగారు.

అయిందన్నాను.