నలభై ఒక్క నంబర్లు, ముగ్గురు మనుషులు

సూళగిరిలో ఫిర్యాదుల శిబిరం పెట్టిన రోజు ఉదయం పదకొండింటికి నాగజ్యోతికి గొంతు పోయింది. నిజంగా పోలేదు. పోయిందని ఆమే ఒక చీటీ మీద రాసి తన పై అధికారి పద్మనాభానికి చూపించింది.

ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. నరసరావుపేట పక్క పల్లెలో పుట్టిన నాగజ్యోతి, భర్తకు హోసూరు ఫ్యాక్టరీలో పని దొరకడంతో ఇక్కడికి వచ్చి, ఐదేళ్ళు ఒక కాల్ సెంటర్‌లో పనిచేసింది. అక్కడ ఆమె పేరు ప్రియ. రోజుకు నూట ఎనభై మందికి ఫోన్ చేసి, మీకు లక్కీ డ్రాలో మిక్సీ వచ్చింది, దాంతోపాటు చిన్న బీమా కూడా తీసుకోవాలి అని చెప్పేది. చేతికొచ్చిన పనిని చెడగొట్టే మనిషి కాదు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ నవ్వాలో, వద్దన్నవాళ్ళ దగ్గర ఎంతసేపు ఆగాలో ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంది. మిక్సీ మాత్రం ఎవరికీ అందలేదు.

ఆ కంపెనీ మూతపడింది. అదే సమయంలో అడగని వ్యాపార కాల్స్‌ను అరికట్టడానికి కొత్త చట్టం వచ్చింది. దాన్ని అమలు చేయాల్సిన గోప్యతా కమిషన్ హోసూరులో, టైర్ల కొట్టు మీద రెండు గదుల్లో ఒక కేంద్రం తెరిచింది. నాగజ్యోతి దరఖాస్తు పెట్టుకుంది. గత ఐదేళ్ళ అనుభవం అన్న గడిలో ‘గృహిణి’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. ఉద్యోగం వచ్చింది.

చట్టం ఒకటో తారీకు నుంచి అమలు. ఆ లోపల ప్రతి కేంద్రమూ నమూనాగా ఒక్క కేసైనా మొదటి నుంచి చివరిదాకా కట్టి చెన్నై అధికారులకు చూపించాలి. చూపించలేని కేంద్రాన్ని చెన్నైలో కలిపేస్తారు. పద్మనాభం బదిలీ మీద పోతాడు. కాంట్రాక్టు మనిషి నాగజ్యోతి ఇంటికి పోతుంది.

కేసు కోసమే సూళగిరి శిబిరం. పొద్దున్నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు. పనిగట్టుకుని మనకు ఫోన్ చేసినవాళ్ళ మీద చాడీలు చెప్పడం మర్యాద కాదని జనం అనుకుంటున్నారు. చివరికి గురుబరపల్లి నుంచి భువన అనే కోడలు తన అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. అత్త పేరు మారెమ్మ. ముప్పై మేకలున్న మనిషి. ఫోన్ వస్తే తీస్తుంది, తీస్తే పెట్టదు. ఇంతింతసేపు ఎవరితో మాట్లాడుతోందా అని అనుమానం వచ్చి, భువన ఆ ఫోన్‌లో కాల్స్ అన్నీ రికార్డయ్యేలా పెట్టింది. తీరా వింటే అన్నీ లోన్లు ఇస్తామనేవాళ్ళవే. నలభై ఒక్క కాల్స్, నలభై ఒక్క నంబర్లు, నలభై ఒక్క పేర్లు.

పద్మనాభం ఒక రికార్డింగు పెట్టాడు. ఫోన్‌లోంచి మారెమ్మ గొంతు వినిపించింది.

“అది సరేప్పా, అన్నం తిన్నావా?”

అప్పుడు పోయింది నాగజ్యోతి గొంతు. కాల్ సెంటర్ ఐదేళ్ళలో ఆమెను తిన్నావా అని అడిగిన మనిషి ఒకే ఒక్కతె. ఆ మనిషే ఇప్పుడు ఎదురుగా కుర్చీలో కూర్చుని కాళ్ళు ఊపుతోంది. నోరు విప్పితే ప్రియను పట్టేస్తుంది.

అక్కడి నుంచి నాలుగు రోజులు నాగజ్యోతి మూగనోము పట్టింది. మెడకు మఫ్లరు చుట్టుకుంది. రోజూ హోసూరు కేంద్రానికి వచ్చే మారెమ్మను ఏది అడగాలన్నా చీటీ రాసిస్తే పద్మనాభం పైకి చదివేవాడు. ఒకసారి తొందరలో ఆమె కూరగాయల చీటీ అందించింది. ఆయన అరకిలో బీన్స్ దాకా గంభీరంగా చదివి ఆగాడు. మారెమ్మ జాలిపడి మిరియాల కషాయం కాచి తెచ్చింది. అది తాగాక నాగజ్యోతికి నిజంగానే కాసేపు మాట పెగల్లేదు.

కేసులో చిక్కు ఒకటుంది. వద్దని చెప్పాక కూడా అదే సంస్థ మళ్ళీ ఫోన్ చేస్తేనే తప్పు. మారెమ్మ ప్రతి కాల్ చివరా, నాకెందుకప్పా లోను, వద్దు అంది. కానీ ప్రతిసారీ నంబరు వేరు, పేరు వేరు. అవన్నీ ఒకరివే అని తేల్చేదెట్లా?

మారెమ్మకు అదొక లెక్కలోకే రాలేదు. చీకట్లో మేక అరిస్తే అది ఏ మేకో చెప్పగల మనిషి. రికార్డింగులు వింటూ వీళ్ళు ముగ్గురే అని తేల్చేసింది. బొంగురు గొంతువాడికి చెవులపోతు అని, ముక్కుతో మాట్లాడే అమ్మాయికి బొల్లి అని, దగ్గు వదలనివాడికి ముసలిపోతు అని తన మేకల పేర్లే పెట్టింది. నాగజ్యోతి రిజిస్టర్‌లో ‘అనుమానితులు’ అన్న గడిలో ఆ మూడు పేర్లే ఎక్కించింది.

తరువాతి పని ఆమె చెయ్యగలిగింది. మూడు గుంపులుగా విడదీసిన రికార్డింగులను చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, మాటలు వదిలేసి మాటల వెనకాల ఏముందో వింది. సాయంత్రం కాల్స్ అన్నింట్లోనూ ఒకే చప్పుడు. పెనం మీద పరోటాను ముక్కలు చేస్తూ కొత్తు పరోటా కొడుతున్న చప్పుడు, రెండు దెబ్బలకొకసారి చెయ్యి మారుతూ. తిన్నావా అని అవ్వ అడిగితే బొల్లి ఒకసారి నిజమే చెప్పేసింది: కృష్ణగిరిలో ఉన్నామవ్వా, కింద పరోటా కొడుతున్నారు, వాసనకే ప్రాణం పోతోంది. ముగ్గురూ ఒకే మేడ మీద ఉన్నారు.

చెన్నై నుంచి శశికళ అనే అధికారి వచ్చింది. అంతా విని, మెచ్చుకుని, ఒక్క ప్రశ్న వేసింది. ఈ రికార్డింగులు అవ్వ నాలుగు రోజులుగా వింటూనే ఉంది. నేర్పించి తెచ్చారని అవతలి వకీలు అంటాడు. ఎప్పుడో ఫోన్‌లో విన్న గొంతును, ముందుగా చెప్పకుండా వినిపిస్తే ఆమె పట్టాలి. అట్లాంటి గొంతు మీ దగ్గరుందా?

పద్మనాభం రిజిస్టర్ పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. అందులో మేకల పేర్లే ఉన్నాయి.

నాగజ్యోతి మఫ్లరు విప్పింది. నోరు మూసుకుంటే కేంద్రం పోతుంది, దాంతో ఉద్యోగమూ పోతుంది. తెరిస్తే గృహిణి పోతుంది. ఎటూ పోయేదే అయినప్పుడు పనైనా పూర్తికానీ అనుకుంది. ముందు గదిలో కూర్చున్న మారెమ్మ వీపు వెనక్కి వెళ్ళి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ తీసుకుని, ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వి మొదలుపెట్టింది.

“నమస్కారం మేడమ్, శుభవార్త...”

మారెమ్మ తలైనా తిప్పలేదు.

“ప్రియా, యాడికి పోయినావమ్మా ఇన్నాళ్ళు? అన్నం తిన్నావా?”

నాగజ్యోతి ఉన్నదున్నట్టు చెప్పేసింది, ఐదేళ్ళూ, ప్రియనూ, గృహిణినీ. పద్మనాభం నాలుగు రోజులుగా తాను చదివిన చీటీలన్నీ గుర్తు తెచ్చుకుంటున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. శశికళకు మొదట భుజాలు కదిలాయి, తరువాత నవ్వు బయటికొచ్చింది, కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

“బీన్స్ చీటీ కూడా ఫైల్లో పెట్టినారప్పా వీళ్ళు,” అంది నవ్వు మధ్యలో.

నవ్వు ఆగాక ముఖం గట్టిగా పెట్టి, గడిలో అబద్ధం రాయడం తప్పేనని చెప్పింది. దానికి మెమో ఇస్తానంది, ఇచ్చింది. కొత్త దరఖాస్తు తెప్పించి, ఆ గడి మళ్ళీ నింపమంది. ఈసారి నాగజ్యోతి ‘ఐదేళ్ళు ఇదే పని, అవతలి వైపు నుంచి’ అని రాసింది. శశికళ కింద సంతకం పెట్టింది. కేంద్రం హోసూరులోనే ఉండిపోయింది.

ఒకటో తారీకు పొద్దున, తలుపు తీయకముందే మారెమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. మొదటి ఫిర్యాదు తనదే కావాలంది. బొల్లి మీదా, చెవులపోతు మీదా అని నాగజ్యోతి కలం తీసింది.

“వాళ్ళ మీద కాదమ్మా. ప్రియ మీద. మిక్సీ వచ్చిందనె, ఇంతవరకూ ఇయ్యలేదు.”

చట్టం ఈ రోజు నుంచే కదవ్వా, పాత కాల్స్‌కు చెల్లదని పద్మనాభం లోపలి నుంచి నచ్చచెప్పబోయాడు. మారెమ్మ కదల్లేదు. నాగజ్యోతి రిజిస్టర్ తెరిచి, ఒకటో నంబరు వేసి, ఫిర్యాదీ పేరు, ఊరు రాసి, ఎవరి మీద అన్న గడిలో తన పేరే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. రాసింది చదివి వినిపించి, ఇంకేమైనా చేర్చాలా అవ్వా అని అడిగింది.

మారెమ్మ ఆలోచించింది.

“మనిషి మంచిదేనని కూడా రాయి,” అంది.